టూల్ రోల్ విప్పి చదవడం – పాత స్పోర్ట్స్ కార్ల సామాను సేకరణ: మూడో పాఠం

మొదటి పాఠంలో ఏ కారు, ఏ సంవత్సరం అన్నది తేల్చుకున్నాం. రెండో పాఠంలో ఆ కారు పార్ట్స్ కేటలాగు సంపాదించి, టూల్ కిట్ పేజీలో ఉన్న ప్రతి వస్తువునీ దాని పార్ట్ నంబరుతో సహా నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాం. ఇవాళ మొదటిసారి చేతికి మసి అంటుతుంది. ఒక పాత టూల్ రోల్, అంటే పనిముట్లు పెట్టుకునే జేబులు కుట్టి, చుట్టగా చుట్టి కట్టే సంచి, మన ముందు బల్ల మీద ఉంది. ఇందులోని సామాను ఆ కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందేనా, లేక తర్వాత ఎవరో అక్కడా ఇక్కడా ఏరి జేబులు నింపారా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకడం ఇవాళ్టి పని.

కొత్తగా చేరినవాళ్లకి ఒక మాట. ఈ పాఠాలన్నిటికీ ఒకే కారుని ఉదాహరణగా పెట్టుకున్నాం: జాగ్వార్ ఈ-టైప్, మొదటి సిరీస్. 1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చిన కారు ఇది. ముందు 3.8 లీటర్ల ఇంజన్, 1964 అక్టోబరు నుంచి 4.2. నేనుండేది ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ పక్కనే. ఈ కారు తయారైన బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ ఈ ఊళ్లోనే ఉండేది, ఇప్పుడు అక్కడ ఇళ్లు లేచాయి. మీరు వేరే కారు ఎంచుకున్నా ఫరవాలేదు, చూసే పద్ధతి ఒకటే.

విప్పకముందు

రోల్ చేతికి రాగానే విప్పేయకండి. అందరూ చేసే తప్పు అదే. ముందు చుట్టి ఉన్నదాన్ని ఉన్నట్టుగా నాలుగు వైపులా ఫొటోలు తీయండి. కట్టు తాడు ఎలా ఉంది, ఎన్ని చుట్లు తిరిగింది, ముడి ఎక్కడ పడింది, అన్నీ ఫొటోల్లో పడాలి. అరవై ఏళ్లు ఒకే మడతలో ఉన్న రెక్సిన్‌కి ఆ మడత అలాగే ఉండిపోతుంది. మడత దగ్గర రంగు వెలిసి, సన్నటి పగుళ్లు వచ్చి ఉంటాయి. డిక్కీలో నేలకి ఆనిన వైపు ఒక రకంగా, పైవైపు మరో రకంగా ఉంటుంది. కొత్తగా కుట్టించిన రోల్‌కి ఈ రెండు వైపుల తేడా ఉండదు.

తర్వాత బల్ల మీద పాత తెల్ల దుప్పటి పరిచి, దాని మీద మెల్లగా విప్పండి. తెల్లదే ఎందుకంటే రాలిన పొడి కనపడాలి. తుప్పు పొడి, ఎండిన గ్రీజు పెళ్ళలు, రెక్సిన్ పొట్టు, ఏం రాలిందో చూసి రాసుకోండి. సామాను ఇంకా బయటికి తీయొద్దు. ఏ జేబులో ఏముందో వరసగా ఫొటో తీయండి.

ఇప్పుడు ఒక్క పానా మాత్రం తీసి, ఆ జేబు లోపలికి టార్చిలైటు వేసి చూడండి. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఒక ఇనప పానా ఒకే జేబులో దశాబ్దాల పాటు ఉంటే దాని ఆకారం గుడ్డ మీద అచ్చు పడుతుంది. నూనె, తుప్పు కలిసి గోధుమ రంగు గీతలా పానా అంచు వెంబడి దిగుతుంది. రెండు నోళ్ల వంపులు, మధ్య కాడ, అన్నీ తెలుస్తాయి. కొన్నిసార్లు పానా మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు కూడా లీలగా తిరగబడి కనిపిస్తాయి. పానాని ఆ మరక మీద పెట్టి చూడండి. సరిగ్గా కూర్చుంటే ఆ రెండూ చాలా కాలం కలిసి బతికాయన్నమాట. మరక పొడుగ్గా ఉండి పానా పొట్టిగా ఉంటే అసలుది పోయింది, ఇది తర్వాత వచ్చి చేరింది.

నేను మొట్టమొదట కొన్న రోల్‌లో ఈ మరకలు లేవు. అప్పటికి నాకు చూడాలని తెలియదు. "1962 కారుది, పూర్తి సెట్టు" అన్నాడు అమ్మినాయన. సామాను లెక్కపెట్టుకుంటే కేటలాగులో ఉన్నన్నీ ఉన్నాయి, అంతటితో సంబరపడిపోయి డబ్బిచ్చేశాను. ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే జేబులన్నీ కొత్త చొక్కా జేబుల్లా చదునుగా ఉన్నాయి. రోల్ ఈమధ్య కుట్టినది. పానాలు మూడు వేర్వేరు బళ్లవి. రెండింటి కొలతలైతే ఈ కారుకి చెందిన పద్ధతిలోనివే కావు. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రోల్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి తేడా చూపించడానికి తీస్తుంటాను.

కొలత

ఇంతకీ "కొలతల పద్ధతి" అంటే ఏమిటి? బ్రిటిష్ కార్ల సామాను పోగుచేసేవాళ్లకి ఇది ప్రాణం. కొంచెం నిదానంగా చదవండి.

1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు మరలకి, అంటే బోల్టు చుట్టూ తిరిగే గాడికి, ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు. బ్రిటన్‌లో వందేళ్ల పాటు అదే రాజ్యమేలింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బోల్టు బ్రిటన్ నట్టులో పట్టక నానా అవస్థలు పడ్డాక, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 60 డిగ్రీల కోణంతో యూనిఫైడ్ మరలకి ఒప్పుకున్నాయి. ఆ తర్వాత బ్రిటిష్ కార్ల కంపెనీలు ఒక్కొక్కటిగా దానికి మారాయి. 1961 నాటి ఈ-టైప్‌లో బోల్టులు దాదాపు అన్నీ యూనిఫైడే. కార్బ్యురేటర్లలో, కరెంటు సామానులో మాత్రం పాత కొలతలు కొన్ని మిగిలాయి.

ఇప్పుడు పానా మీది అంకెలకి వద్దాం. పానా మీద "1/4 డబ్ల్యూ" అని ఉంటే దాని నోరు పావు అంగుళం ఉంటుందనుకోకండి. విట్‌వర్త్ పద్ధతిలో ఆ అంకె బోల్టు కాడ మందం. బోల్టు తల వెడల్పు దానికి రెట్టింపు పైనే ఉంటుంది: 0.525 అంగుళం, అంటే దాదాపు 13.3 మి.మీ. "ఏఎఫ్" (అక్రాస్ ఫ్లాట్స్) అని ఉంటే మాత్రం అంకె నేరుగా తల వెడల్పే. 1/2 ఏఎఫ్ అంటే అర అంగుళం, 12.7 మి.మీ. మన ఈ-టైప్ రోల్‌లో ఉండాల్సినవి ఏఎఫ్ పానాలు.

కాలిపర్ (సన్నటి వెడల్పులు కచ్చితంగా కొలిచే పనిముట్టు) తీసుకుని రోల్‌లో ఉన్న ప్రతి పానా నోరూ కొలవండి. 7/16 ఏఎఫ్ 11.1 మి.మీ., 9/16 ఏఎఫ్ 14.3, 5/8 ఏఎఫ్ 15.9. అసలు నోరు ఈ అంకెల కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉంటుంది, బోల్టు మీదికి ఎక్కాలి కదా. నోరు 13.4 దగ్గరో 15.3 దగ్గరో వస్తే అది విట్‌వర్త్ పానా, వేరే బండిది. అంకెలు అరిగిపోయి కనపడని పానాని కూడా కాలిపర్ పట్టేస్తుంది. ఒకటి మర్చిపోవద్దు: నోటి కొసల దగ్గర కొలవకండి. వాడకంలో అక్కడ విచ్చుకుని ఉంటుంది. లోపలికి, మొదలు దగ్గర కొలవండి.

ఈ లెక్కకి లొంగని బండి ఒకటుంది. ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన టీసీ లాంటి టీ వరస స్పోర్ట్స్ కార్ల ఇంజన్లో మరలు మెట్రిక్, బోల్టు తలలు విట్‌వర్త్! ఆ ఇంజన్లు చేసిన మోరిస్ కార్ల కంపెనీ శాఖ ఒకప్పుడు ఫ్రెంచి కంపెనీ హాచ్‌కిస్ వాళ్ల కోవెంట్రీ ఫ్యాక్టరీ. యంత్రాలు ఫ్రాన్స్ కొలతలవి, మెకానిక్కుల చేతుల్లో ఉన్నవి ఇంగ్లండ్ పానాలు. అందుకే ఇద్దరికీ సరిపోయేలా చేశారు. ఎంజీ టీసీ కిట్ పోగుచేసేవాళ్లు విట్‌వర్త్ పానాలే వెతుక్కోవాలి. కారు ఏదో తేలకుండా టూల్ కిట్ జోలికి వెళ్లొద్దని మొదటి పాఠంలో అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

పూత, అరుగుదల

కొలత సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు. ఇక పైపూత చూడాలి. ఆ రోజుల్లో చిన్న చిన్న పనిముట్లకి కాడ్మియం పూత మామూలు. అది వెండిలా తళతళలాడదు, కాస్త మబ్బు పట్టిన బూడిద రంగులో మెత్తగా కనిపిస్తుంది. ఇప్పటి డూప్లికేట్లకి ఎక్కువగా జింకు పూత వేస్తారు, అది నీలి ఛాయతో మెరుస్తుంది. పక్కపక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది, విడిగా చూస్తే తెలియదు. అందుకే నమ్మకంగా అసలుదని తెలిసిన పనిముట్టు ఒక్కటైనా దగ్గర పెట్టుకోండి, ఎంత చిన్నదైనా సరే. మిగతావాటికి అదే గీటురాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కాడ్మియం విషం. ఉప్పుకాగితంతో రుద్దడం, వైర్ బ్రష్ పెట్టడం, వేడి చేయడం, ఏదీ చేయొద్దు. ఆ పొడి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. తెల్లటి బూజులాంటి పొడి పట్టిన పనిముట్టుని చేతి తొడుగులతోనే పట్టుకోండి.

అరుగుదల ఎక్కడుందో కూడా చూడాలి. నిజంగా వాడిన పానాకి నోటి లోపలి అంచుల్లో పూత పోతుంది, కాడ మధ్యలో చెయ్యి పట్టే చోట నునుపు తేలుతుంది. కావాలని పాతగా చేసినదానికి అన్ని వైపులా ఒకేలా గీతలుంటాయి. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీల మెకానిక్కు. ఆయన పానాల సెట్టులో ఏది ఎక్కువ వాడేవారో చీకట్లో చేత్తో తడిమి చెప్పగలను. అరుగుదల ఎలా ఉంటుందో నాకు నేర్పింది ఆ పానాలే.

సుత్తి, తాళంచెవి

రోల్‌లో ఇమడని సామాను కొంత విడిగా ఉంటుంది. జాకీ సంగతి తర్వాతి పాఠానికి వదిలేద్దాం, దానికే ఒక రోజు పడుతుంది. ఇవాళ సుత్తి.

ఈ-టైప్‌కి తీగ చువ్వల చక్రాలు. చక్రాన్ని నట్లతో కాకుండా మధ్యలో ఒకే ఒక్క పెద్ద మరబిళ్ళతో బిగిస్తారు. దానికి చెవుల్లా రెక్కలుంటాయి, వాటిని సుత్తితో కొట్టి విప్పాలి, బిగించాలి. మామూలు ఇనప సుత్తి తగిలితే క్రోమ్ రెక్కలు చొట్టలు పోతాయి. అందుకని ఒక వైపు రాగి, మరో వైపు చుట్టిన పచ్చితోలు ఉన్న మెత్తని సుత్తి ఇచ్చేవారు. బర్మింగ్‌హామ్ ప్రాంతపు థార్ కంపెనీవి ఈ రకంలో పేరుమోసినవి. సుత్తి తల మీద పోతపోసిన పేరుంటుంది. రాగి ముఖం దెబ్బలు తిని పుట్టగొడుగులా అంచుల మీదికి విచ్చుకుని ఉంటే భయపడకండి, అది బతికిన వస్తువు. రాగినీ తోలునీ విడిగా కొని మార్చుకోవచ్చు, ఈ రోజుకీ దొరుకుతాయి. అందుకే తల పాతదై ముఖాలు కొత్తవైన సుత్తులు చాలా ఉన్నాయి. నా లెక్కలో అది తప్పు కాదు, అమ్మేటప్పుడు ఆ సంగతి చెబితే చాలు.

అయితే ప్రతి ఈ-టైప్‌కీ ఈ సుత్తి ఒక్కటే సరిపోదు. అమెరికా భద్రతా నిబంధనల వల్ల 1968 నుంచి అక్కడికి వెళ్లే కార్లకి రెక్కలున్న మరబిళ్ళలు తీసేశారు. రెక్కల్లేని బిళ్ళ విప్పడానికి దానికి తగిన విడి పనిముట్టు ఇచ్చారు. అమెరికా నుంచి తిరిగొచ్చిన 1968 కారుకి, మొదటి యజమాని ఎవరైనా, ఆ పనిముట్టు లేకపోతే కిట్ అసంపూర్తే. 1962 కారు రోల్‌లో ఆ పనిముట్టు కనిపిస్తే ఎవరో తెలియక చేర్చారని అర్థం. ఏ దేశానికి వెళ్లిన కారు అన్నది కూడా ఏడాది అంత ముఖ్యం. ఆ వివరం తెలియకపోతే జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టుకి ఛాసిస్ నంబరుతో దరఖాస్తు పెట్టండి. కారు తయారైన తేదీ, అసలు రంగులు, ఎక్కడికి పంపారు అన్నవి వాళ్ల సర్టిఫికెట్లో వస్తాయి. ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ వాళ్లయితే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంని అడగాలి.

ఇక తాళంచెవి. ఈ-టైప్ బానెట్ ఎంత పెద్దదో మీకు తెలుసు, కారు ముందు సగం అంతా లేస్తుంది. మొదట తయారైన సుమారు 500 కార్లలో దాని గడియలు బయట, రెండు పక్కలా ఉండేవి. టీ అక్షరం ఆకారంలో ఉన్న ఒక తాళంచెవి పెట్టి తిప్పితేనే తెరుచుకునేది. తర్వాత గడియలు కారు లోపలికి మారాయి, తాళంచెవి అవసరం తీరిపోయింది. అరచేతిలో పట్టే ఆ చిన్న వస్తువు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. అందుకే దాని మీద డూప్లికేట్ల దాడి కూడా ఎక్కువ. దాని కొనని భూతద్దంతో చూడండి. గడియలో పదే పదే తిరిగిన కొన మూలలు గుండ్రబడి ఉండాలి. మూలలు పదునుగా ఉండి, పిడి మాత్రం బాగా అరిగినట్టు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

అన్నీ ఒకే కంపెనీవి కానక్కర్లేదు

కొత్తవాళ్లు ఒక భ్రమలో పడతారు. రోల్‌లోని పానాలన్నిటి మీదా ఒకే పేరుంటేనే అసలు సెట్టు అనుకుంటారు. కార్ల కంపెనీలు పనిముట్లు తయారుచేయవు, కొనుక్కుంటాయి. ఎవరు ఇస్తే వాళ్ల దగ్గర కొంటాయి.

ఇది బాగా తెలిసేది పోర్షే కిట్లలో. పాత 356, 911 కార్ల సంచుల్లో హాజెట్, డోవిడాట్, హైకో, క్లైన్ లాంటి పేర్లు కనిపిస్తాయి. జర్మనీలో రెమ్‌షైడ్ అనే ఊరు ఈ పనికి పెట్టింది పేరు. 1868లో హెర్మాన్ జెర్వెర్ అక్కడ మొదలుపెట్టిన కంపెనీయే హాజెట్, ఆయన పేరులోని రెండు మొదటి అక్షరాలని జర్మన్లో పలికితే వచ్చే పేరు అది. డోవిడాట్ సోదరులది కూడా ఆ ఊరే. ఒకే ఏడాది వచ్చిన రెండు పోర్షేల్లో వేర్వేరు పేర్ల పానాలుంటే రెండూ నిజం కావచ్చు. కాబట్టి పోర్షే వాళ్లు పేరు కంటే కాలాన్ని పట్టుకోవాలి. "వెస్టర్న్ జర్మనీ" అన్న ముద్ర 1949 తర్వాతదే, ఆ దేశం పుట్టిందే అప్పుడు. 1990లో రెండు జర్మనీలూ కలిశాక ఆ ముద్రకి అర్థమే లేదు. అలాగే అక్షరాల తీరు, కంపెనీ గుర్తు ఆకారం కాలంతో పాటు మారుతూ వచ్చాయి. మీ ఏడాది గుర్తు ఏదో చూసి, నోటుబుక్కులో చేత్తో బొమ్మ వేసుకోండి. ఫొటో తీసి ఊరుకోకండి. గీస్తేనే కన్నుకి పడుతుంది.

హాజెట్ వాళ్లది గుండ్రటి పెట్టె ఒకటుంది. ఫోక్స్‌వాగన్ బీటిల్, పోర్షే 356 స్టెప్నీ మధ్య ఖాళీలో చక్కగా కూర్చుంటుంది. అంతా దాని వెనక పరుగులు పెడతారు కాబట్టి దాని డూప్లికేట్లు కూడా బోలెడు. అన్నట్టు, మనం ఇంట్లో మాటలా వాడే ఈ "స్టెప్నీ" వేల్స్‌లోని లనెల్లి అనే ఊరి వీధి పేరు. 1904 ప్రాంతంలో అక్కడి స్టెప్నీ స్ట్రీట్‌లో అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఆ మాట ఎవరికీ తెలియదు, మనం మాత్రం భద్రంగా దాచుకున్నాం.

హ్యాండ్‌బుక్

టూల్ రోల్‌తో పాటు చేతికి వచ్చేది డ్రైవర్ హ్యాండ్‌బుక్. ఇది కాగితం కాబట్టి చూసే తీరు వేరు.

ముందు ప్రచురణ నంబరు చూడండి. 3.8 లీటర్ల ఈ-టైప్ హ్యాండ్‌బుక్ నంబరు ఈ/122తో మొదలవుతుంది, 4.2ది ఈ/131తో. గీత తర్వాత వచ్చే చివరి అంకె ఎన్నో కూర్పో చెబుతుంది. మీ కారు తొలి నాళ్లదయితే చివరి కూర్పు పుస్తకం దానితో వచ్చి ఉండదు. అట్ట పోయి నంబరు కనపడకపోతే బ్యాటరీ పేజీ తెరవండి. 3.8 కారుకి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్, అంటే పాజిటివ్ కొసని కారు బాడీకి కలుపుతారు; 4.2కి నెగటివ్ ఎర్త్. గేర్‌బాక్స్ పేజీ కూడా సాక్ష్యమే: 3.8లో మొదటి గేరుకి సింక్రోమెష్ (గేరు గరగరలాడకుండా నునుపుగా పడేలా చేసే అమరిక) లేదు, 4.2లో అన్ని గేర్లకీ ఉంది. ఒకసారి 4.2 కారుతో పాటు "ఒరిజినల్ పుస్తకం" అని నాకు చూపించినదానిలో పాజిటివ్ ఎర్త్ అని ఉంది. పుస్తకం అసలుదే, కారు మాత్రం దానిది కాదు.

తర్వాత అది అసలు అచ్చా, మళ్లీ వేసిన అచ్చా అన్నది. వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ నంబరుంటే ఇక చూడక్కర్లేదు, 1961లో ఆ పద్ధతే లేదు. బ్రూక్‌లాండ్స్ బుక్స్ లాంటి వాళ్లు పద్ధతిగా అనుమతి తీసుకుని వేసే పుస్తకాలివి. చదువుకోవడానికి, కారు రిపేరు చేసుకోవడానికి బంగారం లాంటివి. వర్క్‌షాపులో నూనె చేతులతో తిప్పడానికి నేను అవే కొంటాను. కానీ సేకరణలో అసలుదాని స్థానంలో పెట్టకూడదు.

నంబరు లేకుండా దొంగచాటుగా వేసినవి కూడా ఉంటాయి. వాటికి భూతద్దం కావాలి, పది రెట్లు పెద్దది చేసి చూపేది. ఫొటో మీద పెట్టి చూడండి. అసలు అచ్చులో చుక్కలు బారులు తీరి శుభ్రంగా ఉంటాయి. అచ్చయిన పేజీని ఫొటో తీసి మళ్లీ అచ్చేస్తే చుక్కల మీద చుక్కలు పడి, పట్టుచీర మడత మీద కనిపించే నీటి అలల్లాంటి చారలు వస్తాయి. నల్లటి నీడల్లో వివరాలు ముద్ద కడతాయి. అక్షరాల అంచులు కూడా గరుకుతేలతాయి. ఇవన్నీ చూశాక కుట్టు పిన్నులు చూడండి: పిన్ను తుప్పు పట్టి ఉంటే ఆ తుప్పు కాగితంలోకి కూడా దిగాలి. తుప్పు పిన్ను, తెల్లటి కాగితం పక్కపక్కన ఉండలేవు.

అతినీల లైటు కింద కాగితం నీలంగా వెలిగితే నకిలీ అని చాలామంది చెబుతారు. కాగితానికి తెలుపునిచ్చే ఆ రసాయనాలు 1950ల నుంచే విరివిగా వాడుకలోకి వచ్చాయి. కాబట్టి యుద్ధానికి ముందటి కారు పుస్తకాలకి ఆ పరీక్ష పనికొస్తుంది, 1960ల పుస్తకానికి దాన్ని నమ్ముకోవద్దు.

కొనడం గురించి కొంచెం

పూర్తి సెట్టు ఒకేసారి కొనాలన్న ఆశని ముందు అదుపులో పెట్టుకోండి. పాత ఫెరారీల టూల్ రోల్స్ వేలంలో వేల డాలర్లకి పోతున్నాయి. అంత డబ్బు తిరిగే చోట ఏరి కూర్చిన సెట్లు తప్పకుండా వస్తాయి. ఒక్కో వస్తువు విడిగా కొనడం నిదానమే, కానీ ప్రతి కొనుగోలూ ఒక పాఠం. నా ఈ-టైప్ రోల్ నిండడానికి ఆరేళ్లు పట్టింది. బ్రేకుల్లో గాలి తీసే చిన్న రబ్బరు గొట్టం కోసమే రెండేళ్లు తిరిగాను.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు సెప్టెంబరులో హాంప్‌షైర్‌లోని బ్యూలీలో జరిగే ఆటోజంబుల్‌కి ఒక్కసారైనా వెళ్లండి. 1967 నుంచి జరుగుతున్న సంత. అమెరికాలో వాళ్లకి అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీ ఉంది, జర్మనీలో వాళ్లకి మాన్‌హైమ్ వెటెరామా. వెళ్లేటప్పుడు కాలిపర్, భూతద్దం, చిన్న అయస్కాంతం, నోటుబుక్కు జేబులో ఉండాలి. "ఇది ఒరిజినలా?" అని అడగకండి, అవుననే అంటారు. "ఇది మీకు ఎక్కడ దొరికింది, దీంతో పాటు ఇంకేమేం దొరికాయి?" అని అడగండి. ఒక గ్యారేజీ ఖాళీ చేసినప్పుడు వచ్చిన డబ్బా అని చెబితే డబ్బా మొత్తం చూపించమనండి. కారు అమ్మినప్పుడు టూల్ కిట్ గ్యారేజీలోనే ఉండిపోవడం మామూలు. దొరకని సామాను చాలావరకు అలాంటి డబ్బాల అడుగునే ఉంటుంది, మేకులతో, పాత ప్లగ్గులతో కలిసి.

ఎంత వెతికినా దొరకని వస్తువు స్థానంలో డూప్లికేటు పెట్టుకోవచ్చు. కానీ దాని మీద కనపడని చోట చిన్న గుర్తు చెక్కండి, నోటుబుక్కులో రాయండి. మీ తర్వాత ఆ రోల్ ఇంకొకరి చేతికి వెళ్తుంది. నేను మోసపోయినట్టు వాళ్లు మోసపోకూడదు.

శుభ్రం చేయడం

దీని గురించి చెప్పాల్సింది తక్కువ, ఎందుకంటే చేయాల్సింది తక్కువ. మెత్తని గుడ్డకి పల్చటి నూనె రెండు చుక్కలు వేసి తుడవండి, అంతే. తుప్పు వదిలించాలని మెరుగు పెడితే పూత, ముద్ర, అరుగుదల మూడూ పోతాయి. అంటే ఇవాళ మనం చదివిన సాక్ష్యం అంతా పోతుంది. జేబులోని మరకల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉతకొద్దు. రెక్సిన్ జిగురుగా మారి పనిముట్లకి అంటుకుంటూ ఉంటే సామాను బయటికి తీసి, ఆమ్లం లేని పల్చటి కాగితంలో విడివిడిగా చుట్టి, రోల్‌ని చుట్టకుండా పరిచి దాచండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి. కోస్తా ఊళ్లలో ఉన్నవాళ్లు దాన్ని నెలకోసారి మార్చాలి.

ఇంటిపని

ఈ-టైప్ రోల్ దొరికేదాకా ఆగనక్కర్లేదు. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఎర్రగడ్డ ఆదివారం సంతకి వెళ్లి, మిగతా ఊళ్లవాళ్లు దగ్గర్లోని పాత సామాను కొట్టుకి వెళ్లి, విదేశాల్లో ఉన్నవాళ్లు కార్ బూట్ సేల్‌కి వెళ్లి, అంకెలున్న పాత ఇంగ్లండ్ పానాలు రెండు కొనండి. ఒకటి విట్‌వర్త్, ఒకటి ఏఎఫ్ అయితే మరీ మంచిది. నోటి మొదలు దగ్గర నాలుగు సార్లు కొలిచి సగటు తీయండి. పొడవు, పూత రంగు, ముద్ర బొమ్మ, అరుగుదల ఎక్కడుందో నోటుబుక్కులో ఒక్కోదానికి ఒక్కో పేజీ రాయండి. మద్రాసులో తయారైన పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఎవరి షెడ్లోనైనా కనిపిస్తే, ఆ యజమానిని బతిమాలి డిక్కీ తెరిపించండి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఆ హెరాల్డ్ ఛాసిస్‌ని పొట్టి చేసి కట్టిన స్పోర్ట్స్ కారే. అందులో జాకీ మిగిలి ఉంటే మూసిన స్థితిలో ఎత్తు, హ్యాండిల్ పొడవు కొలిచి, తల ఆకారం గీసి ఉంచండి. నాలుగో పాఠం జాకీల మీదే, ఆ బొమ్మ అప్పుడు కావాలి.